ఇంట కట్టిన విమానము

నాది సోమశిలకు చేరువనున్న కలువాయి. మా తండ్రిగారు ఎద్దుబండ్లు చేసెడివారు. బీటవాఱిన చక్రపుటాకును బండికి తొడుగక పొయ్యిలో వేసెడివారు. ఆ నష్ట మెందులకో బాల్యమున నాకు బోధపడలేదు. ఉద్యోగవిరమణానంతరము అమెరికాలో కుమారునియింట చిన్న విమానము కట్టబూనిన పిమ్మట తెలిసినది.

అచ్చట ఇది వింత గాదు. 1903 లో ఇంజను విమానము నెగురవేసిన రైటు సోదరులు సైకిళ్ల వ్యాపారులు. ఇంట విమానములు కట్టువారి సంఘము 1953 లో విస్కాన్సినులో వెలసినది. సగమునకు మించిన పనిని తమ విద్యకో వినోదమునకో తామే చేసికొన్నవారికి, పరిశీలనానంతరము ప్రభుత్వము అనుమతి యిచ్చును.

ఒకనాడు ఱెక్కలోని అల్యూమినియపు దూలమునకు బెజ్జము వేయుచుంటిని. రివిటు నడిమినుండి అంచువఱకు దాని వ్యాసమునకు రెండింతల ఎడమైన నుండవలెను. నా బెజ్జము అంచునకు జరిగినది. పైరేకు కప్పినచో నెవ్వరికిని గానరాదు. రెండు దినములు మిన్నకుంటిని. మూడవనాడు నా భార్య, “ఏమండీ, రెండవ పీట నాదే గదా?” అని యడిగినది. ఆ దూలమును తీసివైచి క్రొత్తది తెప్పించితిని. ఆఱుమాసముల పని వ్యర్థమైనది.

విమానము పూర్తియైనను తొలి పరీక్షాకాలమున ప్రయాణికుల నెక్కింపరాదు. కావున ఆమె మఱికొంతకాలము వేచియుండవలెను. బండి యిరుసు విరిగినచో దారిలో నిలువవచ్చును. ఆకాశమున నిలుచుటకు తావెక్కడ? వార్ధక్యమున చేతిపని చేపట్టు పెద్దలారా! పరులకు గానరాని తప్పును మనమే విప్పి దిద్దుకొందము.