మందలింపు



నేడు నేను ముచ్చటింపదలచినది ఒక్క మాటను గూర్చి. అది మందలించుట. మెత్తగా కోప్పడుట, తప్పు చూపి బుద్ధి చెప్పుట అని బడిలో దీని కర్థము నేర్పుదురు. తెలంగాణపు పల్లెలలో దీనికే మరియొక యర్థము కలదు. పలుకరించుట, మంచిచెడ్డలు విచారించుట. చావు జరిగిన యింటికి పోయి పరామర్శించి వచ్చినవారు “మందలిచ్చి వచ్చినము” అందురు.

అత్తాపూర్‌ వంటి చోట ఈ రెండర్థములు నెదురుపడుచున్నవి. మూసీ కడనున్న ఆ యూరు పెరిగిన నగరములో కలిసిపోయినది. శంషాబాదు విమానాశ్రయము 2008లోను, ఆ దారికై మెహదీపట్నమునుండి కట్టిన పొడవైన వంతెన 2009లోను వచ్చినవి. ఇప్పుడచట వంతెన స్తంభముల అంకెలే ఇండ్లకు గుర్తులు. కరీంనగరమువారును గుంటూరువారును ఒకే మెట్లెక్కి దిగుచున్నారు. “పోయినవారి యింటివాండ్లను మందలించి రండి” అని యొకరనగా, “పాపము, వారేమి తప్పు చేసిరి?” అని రెండవవారు తెల్లబోవుదురు. ఇది నవ్వుకొనదగినదే. కాని “నన్నెవ్వరు మందలిస్తలేరు” అని యొక ముసలితల్లి యన్నచో నవ్వరాదు. ఆమె కోరునది ఒక పలుకు.

ఇక కోప్పడుట యను నర్థమునకు వత్తును. కసరుట, గద్దించుట, చీవాట్లు పెట్టుట, తిట్టుట, ఇన్ని మాటలు మనకున్నవి. బజారులో ముక్కు మొగమెరుగని వానినైనను తిట్టవచ్చును. మందలించుటకు మాత్రము వీలుకాదు. దానికి చనువుండవలెను. పెదనాయనయో, మేనమామయో, చదువు చెప్పిన పంతులో కావలెను. అదియు నలుగురిలో గాక చాటుకు పిలిచి చెప్పవలెను. పిదప అన్నమునకు పిలువవలెను. పిలువనిచో అది అలుకయే.

“తల్లి మందలించినదని బాలుడిల్లు విడిచెను” వంటి వార్తలు పత్రికలలో తరచుగా చూచుచుందుము. ఇంటిలో నేమి జరిగెనో వ్రాసినవారు చూడలేదు. నాలుగు దెబ్బలు వేసినను, మార్కులు తగ్గెనని చుట్టముల యెదుట పరువు తీసినను, ఆ యొక్క మాటతోనే సరిపెట్టుదురు. నాకిది అన్యాయముగా తోచును. కొట్టినచో కొట్టిరనియే వ్రాయవలెను. మెత్తగా చెప్పిన తల్లికిని, వాతలు తేల్చిన తండ్రికిని ఒకే మాట యెట్లు చెల్లును?

మీ యిండ్లలో పిల్లల నిఘంటువు లుండును. అందీ మాట కోప్పడుట యని మాత్రమే యున్నచో, ప్రక్కన మీ యూరి యర్థమును గూడ పెన్సిలుతో వ్రాసి యుంచుడు.