ఢిల్లీ సూది, పారిస్ కత్తెర: లేడీ కర్జన్ రూపచిత్రం

ఈ పాఠంలో మనం ఒకే ఒక్క చిత్రాన్ని పరిశీలిద్దాం. ఆ చిత్రం ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో, కెడిల్‌స్టన్ హాల్ అనే భవనంలో ఉంది. అందులో కనిపించే దుస్తుల పనితనం మాత్రం మన దేశానిది. రూపచిత్రం చూడగానే మనం "ఈమె ఎవరు?" అని అడుగుతాం. "ఈ దుస్తులు ఎవరు చేశారు? ఎందుకు చేయించారు?" అని కూడా అడిగితే, ఆ చిత్రమే ఒక చరిత్ర పత్రంగా మారుతుంది.

చిత్రంలోని వ్యక్తి

ఈమె మేరీ విక్టోరియా లైటర్. 1870లో అమెరికాలోని చికాగోలో సంపన్న వర్తకుని ఇంట పుట్టింది. 1895లో జార్జ్ కర్జన్‌ను వివాహమాడింది. ఆయన 1899లో వైస్రాయిగా రావడంతో, ఈమె భారతదేశంలో బ్రిటిష్ పాలకవర్గపు స్త్రీలందరిలో మొదటి స్థానానికి చేరింది.

1903 జనవరి 1న ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి గుర్తుగా ఢిల్లీలో దర్బారు జరిగింది. చక్రవర్తి స్వయంగా రాలేదు, తమ్ముడు కన్నాట్ డ్యూక్‌ను పంపాడు. జనవరి 6 రాత్రి ఎర్రకోటలో జరిగిన రాజవిందు నృత్యోత్సవానికి మేరీ ధరించినదే ఈ నెమలి గౌను.

గౌను ఎలా తయారైంది?

ముందుగా మన దేశపు జర్దోజీ పనివారు పలుచని పట్టు ముక్కలపై కుట్టుపని చేశారు. ఇప్పుడు మన ఊళ్లలో పెళ్లి జాకెట్ల మీద చేయించే "మగ్గం వర్క్" ఈ కుటుంబానిదే. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి కడతారు. దీనినే కార్చోబ్ అంటారు. సూదితో రంధ్రాలు పొడిచిన కాగితాన్ని బట్టపై పరచి, పొడి రుద్ది, నమూనాను దింపుతారు. ఆపైన సన్నని లోహపు తీగలను బట్టపై అమర్చి, దారంతో పట్టి కుడతారు.

ఈ గౌనుపై ఒకదాని మీద ఒకటిగా నెమలి ఈకలు పరచుకొని ఉంటాయి. ప్రతి ఈక కన్నులోనూ నీలిఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. దూరం నుంచి పచ్చలేమో అనిపిస్తుంది. నిజానికి అవి పురుగు రెక్కల పైపెంకులు! మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకొనే బంగారు పురుగు జాతివి. వీటి మెరుపు అద్దిన రంగు కాదు, పెంకులోని పలుచని పొరలపై కాంతి పడి పరావర్తనం చెందడం వల్ల పుట్టేది. అందుకే వెండి తీగ కాలక్రమేణా నల్లబడినా, రెక్కలు ఇంకా తళుక్కుమంటాయి.

కుట్టుపని పూర్తయిన ముక్కలు సముద్రం దాటి పారిస్‌లోని వర్త్ సంస్థకు చేరాయి. అక్కడ వాటిని కత్తిరించి గౌనుగా కుట్టి, అంచున తెల్ల గులాబీలు చేర్చారు. గౌను బరువు సుమారు 4.5 కిలోలు.

ఇక్కడ ఒక వింత గమనించండి. దర్బారు సందర్భంగా ఢిల్లీలో భారతీయ కళల ప్రదర్శన ఏర్పాటైంది. ఐరోపా పోకడలున్న వస్తువులను అందులో ఉంచరాదని కర్జన్ పట్టుబట్టాడు. ఆయన భార్య గౌనులో మాత్రం ఢిల్లీ సూది, పారిస్ కత్తెర కలిసి పనిచేశాయి.

నెమలి ఎందుకు?

షాజహాన్ నెమలి సింహాసనం ఉండినది ఈ ఎర్రకోటలోనే. 1739లో నాదిర్షా దానిని తరలించుకుపోయాడు. 1858లో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను విచారించినదీ ఇక్కడే. అలాంటి చోట వైస్రాయి భార్య నెమలి ఈకలతో నడిచి రావడం అలంకారం మాత్రమే కాదు. "మొగలుల వారసులం మేమే" అన్న ప్రకటన కూడా.

ఆ ప్రకటన అందరికీ నచ్చలేదు. 1899-1900 నాటి ఘోర కరవు ఇంకా జనం మరచిపోలేదు. 1903 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన లాల్‌మోహన్ ఘోష్, కరవు బాధల నడుమ ఇంత ఆడంబరమా అని దర్బారును తీవ్రంగా విమర్శించారు.

చిత్రం చెప్పనిది

మేరీ 1906లో, 36 ఏళ్లకే మరణించింది. విలియం లాగ్స్‌డెయిల్ ఈ చిత్రాన్ని 1909లో పూర్తిచేశాడు. అంటే ఇది ఆమె ఎదుట నిలబడగా ముగించిన చిత్రం కాదు, స్మారకచిహ్నం. చిత్రంలోని స్త్రీ పేరు మనకు తెలుసు. చిత్రకారుని పేరు, గౌను కుట్టిన సంస్థ పేరు కూడా తెలుసు. చట్రం ముందు వంగి కూర్చొని ఒక్కో ఈకను కుట్టిన చేతుల పేర్లు మాత్రం చిత్రంలో ఎక్కడా లేవు. చూసేవారి కళ్లు మొదట నిలిచేది ఆ చేతుల పని మీదనే.

మీరు చేయవలసిన పని

ఢిల్లీ వెళ్లినప్పుడు ఎర్రకోట చూసి, నడుచుకుంటూ చాందినీ చౌక్‌లోని కినారీ బజారుకు వెళ్లండి. జరీ, తీగ, చమ్కీలు అమ్మే దుకాణాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఢిల్లీ వెళ్లలేనివారు మీ ఊరి మగ్గం పనివారి దగ్గర కాసేపు కూర్చోండి. ఒక్క ఈక కుట్టడానికి ఎంతసేపు పడుతుందో అడిగి రాసుకోండి, దానితోపాటు ఆ పనివారి పేరు కూడా.