ఇంటి రౌటరు ఏల మూగవోవును?

కళింగపట్నము పేరు తుపాను హెచ్చరికలలో మనకు చిరపరిచితము. వంశధార కడలిని కలియు ఈ రేవున ఒకప్పుడు ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలువగా, సరకులు చిన్న పడవలమీద గట్టునకు చేరెడివి. ఓడ యెంత పెద్దదైనను, సరకు చేరు వేగము పడవల రాకపోకలను బట్టియే యుండెడిది. నేటి మన యిండ్లలోని ఇంటర్నెట్టు తీరును ఇట్టిదే. వెలుపల నున్నది మహాసముద్రము. గుమ్మమునకు వచ్చు పడవ మాత్రము రౌటరను చిన్న పెట్టె.

2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించిరి. విద్యుత్ స్తంభములమీదుగా సాగిన తీగలు పల్లెలలోనికి వచ్చినవి. తీగ వచ్చిన యింట ఒక్కొక్కప్పుడు వింత జరుగును. రౌటరు దీపములన్నియు వెలుగుచుండును. పేజీ మాత్రము తెరచుకొనదు. వెంటనే లైనుమానుకు కబురు పంపుదుము. కాని దోషము స్తంభముమీద గాక, వెనుక గదిలోని కంప్యూటరులో నుండవచ్చును.

బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన బిట్‌టొరెంట్ వంటి పద్ధతులలో ఒక ఫైలు ముక్కముక్కలుగా, అనేకుల కంప్యూటర్లనుండి ఒకేసారి వచ్చును. వచ్చిన ముక్కను మన కంప్యూటరు తిరిగి ఇతరులకు పంచుచుండును. రేడియోకును దీనికిని గల భేదమును గమనింపుడు. ఊరిలో వేయి రేడియోలు పాడినను ప్రసారకేంద్రమునకు అదనపు భారము లేదు. ఇక్కడ నట్లు కాదు. ప్రతి సంబంధమునకును వేరు దారి కావలెను.

ఇందువలన కలుగు చిక్కులు రెండు. మొదటిది చిట్టా నిండుట. ఏ సంబంధము ఇంటిలోని ఏ పరికరమునకు చెందినదో రౌటరు తన జ్ఞాపకములో వ్రాసికొనును. వందలకొలది సంబంధములు వచ్చిపడినప్పుడు చిన్న రౌటరు చిట్టాలో చోటు మిగులదు. ముగిసిన సంబంధముల పద్దులును వెంటనే చెరిగిపోవు. అప్పుడు పాత పనులు సాగుచునే యుండును. క్రొత్త పేజీ మాత్రము తెరచుకొనదు.

రెండవది పంపు దారి మూసికొనుట. సెకనుకు 2 మెగాబిట్లు పంపగల లైనులో 500 కిలోబైట్ల సరకు వరుసకట్టి నిలిచినచో, అది కదలుటకు 2 సెకనులు పట్టును. దాని వెనుక నిలిచిన ఫోను మాటయు అంతసేపు ఆగవలసినదే. దిగుమతికి పంపవలసిన రసీదులును ఆ వరుసలోనే చిక్కుకొనుటచే దిగుమతియు మందగించును.

రోగమును గుర్తించుట ఇట్లు. ముందు ఇంటిలోని పరికరములన్నిటిలో ఫైళ్ల పంపకము నిలిపి, కొన్ని నిమిషములు వేచియుండుడు. పరిస్థితి చక్కబడినచో కారణము తెలిసినట్లే. చక్కబడనిచో రౌటరును ఆపి మరల వేయుడు. అప్పుడు బాగుపడి, పంపకము మొదలిడగనే మరల మొరాయించినచో చిట్టా నిండుచున్నదని అనుమానింపవచ్చును. దూరపు గదిలో మాత్రమే చిక్కున్నచో అది వైఫై బలహీనత. తీగతో కలిపి చూచినచో తేలిపోవును. పంపకమాపి, రౌటరును తిరిగి వేసి, తీగతో చూచినను ఫలము లేనప్పుడే లైనుమానును పిలువుడు.

ఇక చికిత్స. పంపకపు ప్రోగ్రాములో మొత్తము సంబంధములను 100 లేక 200కు పరిమితము చేయుడు. పంపు వేగమును లైను శక్తిలో ముప్పాతికకు మించనీయకుడు. ఇచట రెండు మెలకువలు కలవు. లైను వేగమును బిట్ల లెక్కలో చెప్పుదురు. ప్రోగ్రాములు తరచుగా కిలోబైట్లలో అడుగును. కనుక 8చే భాగింపవలెను. 2 మెగాబిట్లనగా 250 కిలోబైట్లు. అందు ముప్పాతిక సుమారు 190. మరియు అనేక ప్రోగ్రాములలో సున్న యనగా నిషేధము కాదు, అపరిమితమని అర్థము! క్రొత్త రౌటరు కొనువారు వరుసను న్యాయముగా నడపు ఎఫ్‌క్యూ-కోడెల్ వంటి ఏర్పాటు కలదేమో విచారింపుడు. దాని వివరణపత్రము 2018లో వెలువడినది. రౌటరు సాఫ్ట్‌వేరునుకూడ అప్పుడప్పుడు నవీకరించుట మేలు.

అయినను యంత్రమునకంటె ముఖ్యమైనది ఇంటివారి ఒప్పందము. పెద్ద ఫైళ్ల పని అందరును నిద్రించిన తరువాత జరుగవచ్చును. అనుమతి లేని సినిమా ప్రతుల పంపకము 1957 నాటి కాపీరైటు చట్టమునకు విరుద్ధమని పిల్లలకు తెలియజెప్పవలెను. చెల్లెలు దరఖాస్తు పంపవలసిన కడపటి గంటలో అన్న సినిమా దింపుకొనుట ధర్మము కాదు.

ఈ తీరమున మరియొక కారణము గలదు. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటినది. అట్టి రోజులలో వేటకు పోయినవారి క్షేమసమాచారము, అధికారుల హెచ్చరిక, దూరపు బంధువుల పిలుపు ఈ సన్నని దారినే రావలెను. హెచ్చరిక వినవచ్చిన వెంటనే పంపకములన్నియు నిలుపుడు. ఫోన్లను చార్జి చేసికొనుడు. కరెంటు పోయినచో రౌటరును మూగవోవును గనుక, బ్యాటరీతో పలుకు రేడియోనొకదానిని సిద్ధముగా నుంచుకొనుడు.