సాయం బయటి నుంచి వచ్చేలోపు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది పొదుపు ఎంత, అప్పులు ఎన్ని ఇచ్చాం, వసూలు ఎంత అయింది అన్న లెక్కలన్నీ ఇప్పటిదాకా విన్నారు. నన్ను మాత్రం లెక్కల్లోకి రాని ఒక విషయం చెప్పమన్నారు. మా సంఘ సభ్యురాలి కూతురు, 22 ఏళ్ళ పిల్ల, విపత్తు సహాయ శిక్షణకు వెళ్ళి వచ్చింది. అక్కడ ఏం నేర్చుకుంది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు అది మా ఊరికి ఎలా అక్కరకొచ్చింది అన్నదే నేను చెప్పబోయేది. నువ్వే మాట్లాడవే అంటే, "నువ్వు చెప్పు పిన్నీ, నాకు మైకు చూస్తే కాళ్ళు వణుకుతాయి" అంది. నడుం లోతు వరదలో నిలబడే పిల్లకి మైకు దగ్గర వణుకు!

మన తీరానికి తుఫాను కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తూనే ఉన్నారు. పది వేల మందికి పైగా పోయారు. ఒడిశాలో 1999 అక్టోబరులో వచ్చిన పెను తుఫానుకూ దాదాపు పది వేల మంది చనిపోయారు. అదే ఒడిశాకు 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు చనిపోయినవాళ్ళు 50 మంది లోపే. గాలి ఏమీ కనికరించలేదు. మనుషులే సిద్ధంగా ఉన్నారు. షెల్టర్లు కట్టుకున్నారు, ఊళ్ళలో వాలంటీర్లను తయారు చేసుకున్నారు, ముందుగానే దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు.

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. రక్షించడానికి ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళున్నారు కదా అంటాం. నిజమే, వాళ్ళ 10వ బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులోనే ఉంది. వాళ్ళు ఆ పనిలో ఆరితేరినవాళ్ళు. కాని రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి, కాలవ గట్టు తెగి, సెల్లు టవరు ఆగిపోతే వాళ్ళు మన వీధికి చేరేసరికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో మన పక్కన ఉండేది ఎవరు? పక్కింటివాళ్ళే. ప్రాణం నిలిచేదీ పోయేదీ చాలాసార్లు ఆ గంటల్లోనే.

ఆ పక్కింటివాళ్ళకు పని నేర్పడానికే ఆపద మిత్ర అనే పథకం పెట్టారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీన్ని 2016లో మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాలకు విస్తరించింది. లక్ష మంది వాలంటీర్లను తయారు చేయాలన్నది అప్పటి లక్ష్యం. అప్పుడు 18 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసువాళ్ళను తీసుకున్నారు. శిక్షణ 12 రోజులు ఉండేది. అది ఉద్యోగం కాదు, నెల జీతం రాదు. ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి.

మా పిల్ల వెళ్తానంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. "పెళ్ళి కావాల్సిన పిల్ల, మగపిల్లలతో కలిసి నీళ్ళలో దిగితే నలుగురూ ఏమనుకుంటారు వదినా?" అని నన్నడిగింది. ఆ మాట సంఘం మీటింగులో పెట్టాం. ఇద్దరం వెళ్ళి బస ఎక్కడో, ఆడపిల్లలకు గదులు విడిగా ఉన్నాయో లేదో కళ్ళారా చూసి వచ్చాం. అప్పుడు ఒప్పుకుంది. తర్వాత ఒక సంబంధం వాళ్ళు ఈ కారణం చెప్పి వెనక్కి తగ్గిన మాట కూడా నిజం. ఈ దారిలో అలాంటివి కూడా ఉంటాయని తెలియాలనే చెప్తున్నాను. ఆ పిల్ల మాత్రం, "అలాంటి ఇంటికి వెళ్ళకపోవడమే మంచిది పిన్నీ" అని తేల్చేసింది.

ఇక శిక్షణ సంగతి. తెల్లవారుజామునే లేపి పరుగు, కసరత్తు. తర్వాత పాఠం, ఆ పైన చేతులతో చేసి చూపించడం. మొట్టమొదటి పాఠమే ఆ పిల్లకి వింతగా తోచిందట. ఎవరైనా మునిగిపోతుంటే ఏం చేస్తారని అడిగితే అందరూ "దూకేస్తాం" అన్నారు. "అలా దూకితే ఒక శవం కాదు, రెండు శవాలు తీయాల్సి వస్తుంది" అన్నాడట నేర్పేవాడు. మునిగేవాడు భయంతో దొరికినదాన్ని పట్టుకుని పైకెక్కబోతాడు. కాపాడబోయినవాళ్ళే కిందికి పోతారు. అందుకని ముందు గట్టు మీంచి కర్ర అందించాలి. కర్ర అందకపోతే తాడు గాని, తేలే వస్తువు గాని విసరాలి. అదీ కుదరకపోతే పడవ. నీళ్ళలోకి దిగడం అన్నిటికన్నా ఆఖరు, అదీ ఈత బాగా వచ్చి, లైఫ్ జాకెట్ ఉన్నవాళ్ళే. జాకెట్ తొడిగితే సరిపోదు, పట్టీలన్నీ బిగించాలి. లేకపోతే నీళ్ళలో మనిషి కిందికి జారి, జాకెట్ తల మీదుగా పైకి వచ్చేస్తుంది.

మా పిల్లకి ఈత రాదు. మొదటి రోజు నీళ్ళలో దిగమంటే మెట్టు వదల్లేదట. నాలుగో రోజుకి జాకెట్ వేసుకుని వెల్లకిలా తేలడం వచ్చింది. ఆ తర్వాత మన ఇళ్ళలో ఉండేవాటితోనే పని ఎలా చేయాలో నేర్పారు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పదీ పదిహేను కలిపి కడితే మనిషిని తేల్చి ఉంచుతాయి. నోరు గట్టిగా మూసి కట్టిన ప్లాస్టిక్ బిందె కూడా అంతే. రెండు వెదురు కర్రలు, ఒక దుప్పటి ఉంటే దెబ్బ తగిలినవాళ్ళను మోసే స్ట్రెచర్ అవుతుంది.

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయడం బొమ్మ మీద నేర్పారు. రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. 30 సార్లు నొక్కి రెండుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, అందుకని ఇద్దరు మార్చుకుంటూ చేయాలి. నీళ్ళలోంచి తీసినవాళ్ళను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట మీద నొక్కడం మన ఊళ్ళలో చూస్తుంటాం. అలా చేస్తే కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది చేయకూడదు. వరదల్లో పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. మనిషిని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అక్కలారా, ఈ శిక్షణకు మన ఆడపిల్లలే ఎందుకు వెళ్ళాలి అని మీరు అడగొచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో కడలూరు వైపు చాలా ఊళ్ళలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువమంది చనిపోయారు. మగవాళ్ళు కొందరు సముద్రంలో లోపలికి వేటకు పోయి ఉన్నారు. ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర, ఒడ్డున ఉన్నారు. చంకలో పిల్లలు, ఒంటికి చుట్టుకున్న చీర, ఈత రాదు. మునిగేది మనమైనప్పుడు, తేలడం నేర్చుకోవాల్సింది కూడా మనమే కదా.

ఇప్పుడు మిచాంగ్ సంగతి. 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందే ఆ పిల్ల మా గ్రామ సంఘానికి వచ్చి, "ప్రతి సంఘం తమ పది ఇళ్ళ గురించి నాకు చెప్పండి" అంది. ఎవరింట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంది, ఎవరు నడవలేరు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి రోజూ మందు పడాలి, ఎవరిది రేకుల ఇల్లు. ఈ వివరాలు ఏ ఆఫీసు ఫైల్లోనూ అంత తాజాగా ఉండవు. మన నోళ్ళలో ఉంటాయి. వారం వారం మీటింగుల్లో కూర్చునేవాళ్ళం, ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో వెలగలేదో మనకు తెలుసు. ఒక్క పూటలో జాబితా తయారైంది. నెలలు నిండిన అమ్మాయిని గాలి మొదలవకముందే ఆసుపత్రికి చేర్చాం. ఇద్దరు మంచం పట్టిన పెద్దవాళ్ళను దుప్పటి స్ట్రెచర్ మీద బడికి మోశాం.

ఒక మామ్మ మాత్రం గేదెను వదిలి రానంది. కసిరి లాక్కుపోదామన్నారు కొందరు. ఆ పిల్ల పక్కన కూర్చుని, "కట్టేసి ఉంటేనే దాని ప్రాణానికి ముప్పు మామ్మా, పలుపు విప్పి మెరక మీదికి తోలేద్దాం, అది ఈదగలదు, నువ్వు ఈదలేవు" అని చెప్పింది. గేదెను తోలి వచ్చాక మామ్మ తనే నడిచి వచ్చింది. మనుషులను కదిలించడం కూడా శిక్షణలో భాగమేనట.

జనాన్ని ఉంచిన చోట మరుగుదొడ్డికి గొళ్ళెం లేదు, దీపం లేదు. రాత్రి ఆడవాళ్ళు వెళ్ళడానికి భయపడి నీళ్ళు తాగడం మానేశారు. మా సంఘం వాళ్ళం అడ్డంగా దుప్పటి కట్టి, టార్చితో ఇద్దరిద్దరం వంతులవారీగా కాపలా ఉన్నాం. ఆడవాళ్ళు పనిలో ఉంటేనే ఇలాంటివి కంటికి ఆనతాయి. మధ్యలో గాలి కాస్త తగ్గితే కొందరు ఇల్లు చూసుకొస్తామని లేచారు. తుఫాను కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి ఆగినట్టే ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొడుతుందని, అధికారులు చెప్పేదాకా గడప దాటొద్దని ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఆపింది.

మా ఊళ్ళో ప్రాణం పోలేదు. అదంతా మా గొప్పే అని నేను అనను. అధికారులూ పనిచేశారు, గాలి కూడా మా మీద నేరుగా రాలేదు. పంట మాత్రం దక్కలేదు. కోసిన వరి పనల మీదే నానిపోయింది. దానికి తెచ్చిన అప్పులు ఇంకా తీరుస్తున్నాం. కాని తీర్చడానికి మనుషులం మిగిలాం.

అందుకే ఈ మహాసభ ముందు మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి సంఘం మినిట్స్ పుస్తకం చివరి పేజీలో తమ పది ఇళ్ళ జాబితా రాసుకోవాలి. నెలనెలా మార్చుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పొలం పాసుపుస్తకం, సంఘం పుస్తకాలు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి, చేతికందేలా ఎత్తులో పెట్టుకోవాలి. ప్రతి గ్రామ సంఘం దగ్గర ఒక గట్టి తాడు, టార్చి, ఈల ఉండాలి. 108, 112, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లు గోడ మీద రాసి ఉంచాలి.

మూడు. ఈసారి శిక్షణకు పేర్లు అడిగినప్పుడు ప్రతి గ్రామ సంఘం నుంచి కనీసం ఇద్దరు ఆడపిల్లల పేర్లు వెళ్ళాలి. ఇంట్లో వద్దంటే సంఘం వెళ్ళి మాట్లాడాలి, బస చూసి రావాలి. నలుగురూ ఏమనుకుంటారో అని ఆ తల్లి భయపడుతుంది కదా, ఆ నలుగురూ మనమే. మనం మంచిగా అనుకుంటే చాలు.

పదేసి రూపాయలు పొదుపు చేయడం మొదలుపెట్టిన రోజు మనల్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. కష్టం వచ్చిన రోజు ఆ పొదుపే ఆదుకుంది. ఇది కూడా పొదుపే. మామూలు రోజుల్లో నేర్చుకుని దాచుకుంటే, గాలివాన రోజున అక్కరకొస్తుంది. వచ్చే తుఫానుల కాలం లోపు ఈ మూడూ తీర్మానం చేసి రాసుకుందామని కోరుతున్నాను.