లింకు నొక్కేశాక ఏం చేయాలి?

(మండల సమాఖ్య సమావేశంలో పథకాల లబ్ధిదారులకు చెప్పిన మాటలు. ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా ఇస్తున్నాం.)



దొంగ లింకులు నొక్కొద్దని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను మళ్లీ అదే చెప్పను. నొక్కేశారు, వివరాలు ఇచ్చేశారు, డబ్బు కట్ అయింది. అప్పుడేం చేయాలో చెప్తాను. నేను బ్యాంకు కౌంటరులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఎలా వస్తారో చూశాను. తల దించుకుని, లైనంతా అయిపోయేదాకా ఓ మూల నిలబడి, ఎవరూ లేనప్పుడు వస్తారు. అప్పటికి రెండు రోజులు గడిచిపోయి ఉంటాయి.

ఒక చెల్లెమ్మ సంగతి చెప్తాను. పేరు చెప్పొద్దంది, జరిగింది మాత్రం చెప్పమంది. వాళ్లబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. అతని ఈమెయిల్ కూడా ఆమె ఫోన్‌లోనే ఉంది. ఒకరోజు సాయంత్రం మెయిల్ వచ్చింది: స్కాలర్‌షిప్ మంజూరైంది, ఈ రాత్రిలోగా బ్యాంకు ఖాతా సరిచూసుకోకపోతే రద్దవుతుంది అని. పైన ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. లింకు నొక్కింది. మెయిల్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చింది. ఏటీఎం కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు, ఓటీపీ, అన్నీ ఇచ్చింది. 9,500 కట్ అయింది. అది సంఘం వాయిదా డబ్బు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఫోన్ వచ్చింది. "అమ్మా, నిన్న పొరపాటున కట్ అయింది, తిరిగి వేస్తున్నాం, ఇప్పుడొచ్చే ఓటీపీ చెప్పండి" అన్నాడు. చెప్పింది. ఇంకో 14,000 పోయింది. రాత్రే ఎవరికైనా చెప్పి ఉంటే, రెండో ఓటీపీ దగ్గర వాళ్లు ఆపేవాళ్లు. మొదటి డబ్బు మోసగాడు తీసుకున్నాడు. రెండోది మాత్రం మొహమాటం వల్ల పోయిందంటాను నేను.

సరే, డబ్బు కట్ అయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. దేశమంతటికీ ఇదే నంబరు. ముందు ఇదే ఎందుకంటే, పోయిన డబ్బు ఒక్కచోట ఉండదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి మూడోదానికి పోతుంది, చివరికి ఏదో ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. 1930లో ఫిర్యాదు రాసుకోగానే అది ఆయా బ్యాంకులకు వెళ్తుంది. దారిలో ఇంకా ఏ ఖాతాలోనైనా డబ్బు మిగిలి ఉంటే అక్కడ ఆపుతారు. నోట్లుగా తీసేశాక ఆపడానికేముంటుంది?

ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ టైముకు పోయింది, డబ్బు కట్ అయిన మెసేజిలో ఉండే లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఉన్నంతవరకే చెప్పండి, వెతుకుతూ కూర్చోవద్దు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే సైటులో పూర్తి వివరాలు నింపాలి. చేతకాకపోతే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు సాయం అడగండి, కానీ ఓటీపీలు మీరే చూసి మీరే కొట్టండి. పోలీసు స్టేషనుకూ వెళ్లొచ్చు. "మా పరిధి కాదు" అంటే, ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకునే హక్కు మీకుందని చెప్పండి.

ఆ వెంటనే బ్యాంకు. కార్డు వెనక ఉన్న నంబరుకి చేసి కార్డు ఆపించండి, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు. అక్కడా దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు.

ఇక్కడొక రూలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు మెసేజి వచ్చాక 3 పనిదినాల్లో చెబితే మనకు నష్టం రాకూడదు. మనమే ఓటీపీ చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నెత్తినే. చెప్పిన తర్వాత పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. అంటే మీరు ఏ నిమిషంలో చెప్పారన్నదే లెక్క. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు అడగండి. కాగితం మీద రాసిస్తే తేదీతో ముద్ర వేయించుకుని జిరాక్సు ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఎలాగో 14448కి చేసి అడిగితే చెప్తారు.

భయంతో ఖాతా మూసేయకండి. మన పథకాల డబ్బు ఆధార్‌కు జతచేసిన ఖాతాలోనే పడుతుంది. అది మూసేస్తే వచ్చే విడత వెనక్కి పోతుంది, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. బయటికి డబ్బు పోకుండా మాత్రమే కొన్నాళ్లు ఆపమనండి. దాన్ని బ్యాంకువాళ్లు డెబిట్ ఫ్రీజ్ అంటారు. లోపలికి డబ్బు వస్తూనే ఉంటుంది.

ఇక ఫోన్ సంగతి. లింకు నొక్కడంతో పాటు ఏపీకే అనే ఫైలు ఏదైనా ఎక్కించుకున్నారా? పీఎం కిసాన్ పేరుతో వచ్చేవి ఇలాంటివే. అది మీకొచ్చే ఓటీపీలను దొంగకు పంపగలదు. వెంటనే ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, 1930కి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేయండి. ఆ మెసేజి, మెయిల్ తుడిచేయకండి, అవే సాక్ష్యం. వేరే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ తర్వాత ఫోన్ తెలిసినవాళ్ల చేత మొత్తం రీసెట్ చేయించండి. కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటారన్న అనుమానం ఉంటే ##002# కొడితే రద్దవుతుంది.

మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చిన చెల్లెమ్మ ఆ సంగతే మర్చిపోయింది, అందరి దృష్టీ డబ్బు మీదే కదా. కానీ మన మెయిల్‌లో ఆధార్, పాసుబుక్, పిల్లల సర్టిఫికెట్ల ఫోటోలు ఉంటాయి. శుభ్రంగా ఉన్న ఇంకో ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చండి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో సెక్యూరిటీలోకి వెళ్తే, మీ ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో కనిపిస్తుంది. మీవి కానివన్నీ తీసేయండి. ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోన్ నంబరు మీదేనా అని చూడండి, దొంగ తన నంబరు పెట్టి ఉండొచ్చు. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడితే అక్కడా మార్చాలి.

ఆధార్ వివరాలు కూడా ఇచ్చి ఉంటే ఎంఆధార్ యాప్‌లో వేలిముద్రల తాళం వేసుకోవచ్చు. సందేహముంటే 1947కి చేయండి. అప్పుడు వేలిముద్రతో మీ ఖాతాలోంచి ఎవరూ డబ్బు తీయలేరు. ఒక చిక్కుంది. తాళం ఉన్నంతకాలం రేషన్ మిషను దగ్గర మీ వేలిముద్ర కూడా పడదు, పింఛనుకూ అంతే. ఆ రోజు తాళం తాత్కాలికంగా తీసుకుని వెళ్లండి. ఇది తెలియక రేషన్ డీలరుతో గొడవపడ్డవాళ్లున్నారు.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్ రావొచ్చు. "సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, ఫీజు కట్టండి" అంటారు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఆ దొంగల దగ్గరే ఉంటాయి కదా. డబ్బు తిరిగి ఇప్పించడానికి పోలీసులు ఓటీపీ అడగరు, ఫోన్‌పేలో ఫీజూ కట్టించుకోరు. పెట్టేసి, మీ ఫిర్యాదు నంబరుతో స్టేషనులోనే కనుక్కోండి.

ఇంట్లో మగవాళ్లకు కూడా ఒక మాట. ఆమె వచ్చి చెప్పినప్పుడు "నీకెందుకా ఫోన్" అని మొదలుపెట్టకండి. ముందు 1930 కొట్టండి. తిట్టేదేదైనా ఉంటే రేపు తిట్టుకోవచ్చు.

ఆ చెల్లెమ్మకు రెండోసారి పోయినదాంట్లో 6,000 ఒక ఖాతాలో ఆగింది. కోర్టు ఉత్తర్వు వచ్చి చేతికి అందేసరికి నెలలు పట్టింది. మిగతాది రాలేదు. సంఘం వాయిదా ఆమె గాజులు కుదువపెట్టి కట్టింది.

మీలో ఎవరికైనా ఇలా జరిగి, ఇంకా ఎవరికీ చెప్పకుండా ఉన్నారేమో. నేను మధ్యాహ్నం భోజనాల దాకా ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. ఫోన్, పాసుబుక్ తీసుకుని రండి. కలిసి ఫోన్ చేద్దాం.