బిడ్డ చదువు బిడ్డనే ఎంచుకోవాలె



నేను పదో తరగతి దాకే చదివిన. పెద్ద చదువుల గురించి మాట్లాడమంటే భయమైంది. కానీ మన అప్పుల పుస్తకం నాకు తెలుసు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా గ్రూపులో పది మందిమి. ఐదేళ్ల పేజీలు తిప్పి చూసిన. కొడుకుల కోసం తీసుకున్న అప్పుకు ఎదురుగా "కోచింగ్", "ఇంజనీరింగ్ ఫీజు" అని ఉంది. బిడ్డల కోసం తీసుకున్నదానికి ఎదురుగా ఎక్కువసార్లు "పెళ్లి" అనే ఉంది. ఆ పుస్తకం రాసింది నేనే. రాసేటప్పుడు ఒక్కనాడూ ఇది నా మనసుకు తట్టలేదు.

మా ఇంట్లోనూ అంతే. రెండేళ్ల కింద మా బిడ్డ ఎంసెట్ రాసి, "అమ్మా, నేను ట్రిపుల్ ఈ తీసుకుంటా" అన్నది. అంటే కరెంటు ఇంజనీరింగు. "స్తంభాలెక్కే పని ఆడపిల్లకెందుకే? దగ్గర్ల బీకాం చేసుకో, పెళ్లికి కూడా అడ్డం రాదు" అన్న. మా తమ్ముడు నెట్ సెంటర్‌లో కూర్చొని దోస్త్‌లో డిగ్రీ ఆప్షన్లు పెట్టిండు. బిడ్డను అడగనే లేదు.

నాలుగు రోజులు మాతోని మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లో ఒకామె గురించి చదివి వినిపించింది. అయ్యలసోమయాజుల లలిత గారు. 1919లో మద్రాసులో తెలుగు ఇంట్లో పుట్టారు. 15 ఏళ్లకు పెళ్లి. 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో 4 నెలల పాప. అయినా గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు. ఆమె నాన్న అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆయన అడిగితేనే సీటు దొరికింది.

లలిత గారికి తెలివితోపాటు చదువు సంగతి తెలిసిన నాన్న ఉన్నడు. మనం ఆటో నడుపుకునేటోళ్లం, మిషన్ కుట్టేటోళ్లం. ఏ కోర్సు ఏందో చెప్పేటోళ్లు ఇంట్లో లేరు. అందుకే బిడ్డకు దగ్గరిది, ఖర్చు తక్కువది చూస్తం. కొడుకులకూ ఇది అన్యాయమే. నర్సింగు చేస్తానన్న పిల్లగాణ్ణి నవ్వి ఇంజనీరింగుకు పంపితే, ఇప్పుడు బ్యాక్‌లాగులతో కూర్చున్నడు.

కన్వీనర్ కోటా ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు రిజర్వేషన్ ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే లైను మారకుండా జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగొచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఫ్రీ. "దూరం" అనే మాట ఇంకెన్నాళ్లు?

అందుకే ఈ సభలో మూడు మాటలు అడుగుతున్న. ఇంటర్ అయిన పిల్లల్ని జూన్‌లోపు ఒకసారి సంఘం మీటింగుకు తీసుకురండి. మన సంఘాల్లోనే చదివిన బిడ్డలు ఉన్నరు, వాళ్లతో మాట్లాడిద్దాం. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఓటీపీ వచ్చే ఫోను బిడ్డ చేతిలోనే ఉండాలె. బిడ్డ చదువుకు అప్పు అడిగిన అక్కను "పెళ్లి ఎప్పుడు?" అని అడగొద్దు.

తర్వాతి విడతలో మా బిడ్డ తానే ఆప్షన్లు పెట్టుకుంది. ఇప్పుడు ట్రిపుల్ ఈ రెండో ఏడు. పొద్దుగూకితే నాకు ఇంకా భయమే. కానీ మొన్న పుస్తకంలో ఆమె పేరు రాసి, ఎదురుగా "ఫీజు" అని నా చేత్తో రాసిన.