ప్రీమియం ఎందుకు పెరిగిందని అడుగుదాం



ఆరాధన ముగిశాక కారు ఇన్సూరెన్సు గురించి మాట్లాడటమేమిటని ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన తూనిక, న్యాయమైన కొలత గురించి లేవీయకాండం మాట్లాడుతుంది. కొలపాత్రను చిన్నది చేసి అమ్మేవారిని ఆమోసు నిలదీశాడు. ఈ రోజుల్లో మన చేతికి వచ్చే తూనిక చాలాసార్లు ఒక కాగితం. మన పొల్లాచ్చిలో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పాలసీ కాగితంలో ఇంగ్లీషు. ఆ మూడో భాష దగ్గరే మనవాళ్లు చదవడం ఆపేసి, అడిగినంత కట్టేస్తున్నారు.

ఈ మధ్య మన సంఘం దగ్గరకు వచ్చిన ఒక సంగతి చెబుతాం. కొబ్బరి పీచు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసే ఒక సహోదరుడికి సొంత కారు ఉంది. ఐదేళ్లకు పైగా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. మిల్లు కొన్ని నెలలు సరిగ్గా నడవక జీతం ఆగింది, పాలసీ గడువు దాటింది. చేతికి డబ్బు వచ్చాక కంపెనీకి ఫోన్ చేస్తే, పోయిన ఏడాది కట్టినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు చెప్పారు. ఎందుకని అడిగితే "సార్, లాప్స్ అయింది కదా" అన్నారు. అంతకుమించి జవాబు లేదు.

"లాప్స్ అయింది" అనేది జవాబు కాదు. ఆ మొత్తంలో చట్టం నిర్ణయించినది ఎంత, మనం పోగొట్టుకున్నది ఎంత, అడగకుండా కలిపింది ఎంత, ఇవి విడివిడిగా తెలియాలి. విడదీసి చూద్దాం.

కారు పాలసీలో రెండు పెద్ద భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఇది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది తప్పనిసరి. దీని రేటు ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేటు ప్రకారం 1000 సి.సి. లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సి.సి. వరకు 3,416, ఆపైన 7,897. గడువు దాటిందన్న కారణంతో ఈ అంకెను పెంచే అధికారం ఏ కంపెనీకీ లేదు.

రెండోది సొంత నష్టం, అంటే మన కారుకే దెబ్బ తగిలితే వచ్చేది. పెరుగుదల ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు ఇస్తారు. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. ఈ తగ్గింపు సొంత నష్టం భాగానికే వర్తిస్తుంది. గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యూవల్ చేసుకుంటే బోనస్ నిలుస్తుంది. 90 దాటితే మొత్తం పోతుంది.

లెక్క వేసి చూపుతాం. సొంత నష్టం ప్రీమియం 10,000 అనుకోండి. 50 శాతం బోనస్ ఉంటే 5,000. దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపితే 8,416. 18 శాతం జి.ఎస్.టి.తో సుమారు 9,931. బోనస్ పోతే అదే కారుకు 13,416, పన్నుతో 15,831. తేడా 5,900 రూపాయలు. అందులో 900 పన్నే. పోయిన బోనస్ మీద కూడా పన్ను కడుతున్నామన్నమాట.

మన సహోదరుడి విషయంలో అసలు తగాదా ఆ 90 రోజుల దగ్గరే వచ్చింది. ఆయన అడిగింది 80వ రోజున. మధ్యలో గడువు తప్పిన బండికి సొంత నష్టం పాలసీ ఇవ్వాలంటే ముందు బండిని తనిఖీ చేయాలి. కంపెనీ మనిషి 93వ రోజున వచ్చాడు. ఆలస్యం కంపెనీది, బోనస్ పోయింది ఈయనకి. ఆయన ఫోన్‌లో తనిఖీ కోసం చేసిన కాల్స్, వచ్చిన మెసేజీలు, వాటి తేదీలు అన్నీ ఉన్నాయి. మన యువకులిద్దరు కూర్చుని వాటితో ఒక పేజీ ఉత్తరం రాశారు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపారు. రెండు వారాల్లో బోనస్ తిరిగి కలిపినట్టు జవాబు వచ్చింది. అయితే ఇంజను రక్షణ, రోడ్డు సహాయం అనే రెండు అదనపు కవర్లకు ఆయనే ఓటీపీ చెప్పి ఒప్పుకున్నారు. ఆ డబ్బు రాలేదు. ఓటీపీ అంటే సంతకమే, యౌవనస్థులారా, ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చెప్పండి.

ఇంకో మాట వినండి, ఇది కష్టమైన మాట. ఒక ఏజెంట్ ఆయనతో "బోనస్ ఉందని రాసేద్దాం అన్నా, ఎవరు చూస్తారు" అన్నాడట. ప్రపోజల్ ఫారంలో బోనస్ గురించి చేసే ప్రకటన అబద్ధమని తేలితే సొంత నష్టం కింద రావలసిందంతా రద్దవుతుంది. బండి నుజ్జయిన రోజున ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు. అది అలా ఉంచండి. కంపెనీ లెక్క న్యాయంగా ఉండాలని అడిగేవాళ్లం, మన ప్రకటన కూడా న్యాయంగా ఉండాలి. గడువు దాటిన రోజులెన్నో ఉన్నవి ఉన్నట్టు రాసి, ఆ తర్వాత గట్టిగా అడుగుదాం.

గట్టిగా ఎందుకు అడగాలంటే, ఈ 90 రోజుల గీత పేదవాడి మీదే పడుతుంది. నెల జీతం ఆగనివాడికి గడువు దాటదు. పని పోయినవాడికి, ఆసుపత్రి ఖర్చు వచ్చినవాడికి దాటుతుంది. ఐదేళ్లు జాగ్రత్తగా నడిపిన మనిషి 91వ రోజున జాగ్రత్త లేనివాడైపోతాడా? బోనస్‌ను ఒక్కసారిగా సున్నా చేయకుండా మెట్టుమెట్టుగా తగ్గించే పద్ధతి రావాలని మన సంఘం అభిప్రాయం. రూలు మారేదాకా ఆ రూలు లోపల మనకున్న హక్కును వదలకూడదు.

మరి గడువు తప్పిన ఆ 80 రోజుల మాటేమిటి? ఆ రోజుల్లో ఆయన కారు రోడ్డు మీదే ఉంది. వాల్పారై ఘాట్‌లో 40 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, మీకు తెలుసు. ఎవరికైనా తగిలి ఉంటే నష్టపరిహారం మొత్తం ఆయన ఇంటి మీదే పడేది. ఇల్లు చాలకపోతే దెబ్బ తిన్నవాడికి ఏమీ అందదు. యెరికో దారిలో పడి ఉన్నవాడి కోసం సమరయుడు సత్రం యజమానికి రెండు దేనారములు ముందే ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ముక్కూ మొహమూ తెలియనివాడి కోసం ముందుగా పక్కన పెట్టే డబ్బే థర్డ్ పార్టీ. డబ్బు చాలకపోతే ఆ ఒక్క భాగమైనా గడువు రోజునే కొనండి. దానికి బండి తనిఖీ అక్కర్లేదు. అయితే సొంత నష్టానికి 90 రోజుల లెక్క మాత్రం ఆగదు, అది గుర్తుంచుకోండి. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేక రెండూ పడవచ్చు.

ఈ విషయంలో మన జిల్లా మనిషి ఒకరిని తలుచుకోవాలి. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి ఎముకల వైద్యులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు భద్రత కోసం 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2018 జూలైలో కోర్టు, కొత్త కార్లకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి ఇవ్వాలని ఆదేశించింది. ఆ సెప్టెంబరు 1 నుంచి అది అమలైంది. చాలా మంచి ఆదేశం. కానీ ఇందులో మనవాళ్లు ఒకచోట పొరబడుతున్నారు. కొత్త కారు కాగితం మీద మూడేళ్ల తేదీ చూసి అంతా మూడేళ్లే అనుకుంటారు. సొంత నష్టం భాగం చాలావరకు ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది అది తప్పిందని, బోనస్ పోయిందని, దెబ్బ తగిలాకే తెలుస్తోంది. రెండు తేదీలూ చూడండి.

బండి విలువ కూడా చూడండి. పాలసీలో ఐ.డి.వి. అని ఉంటుంది. బండి పాతబడేకొద్దీ అది తగ్గాలి. పోయిన ఏడాదికంటే ఎక్కువ రాసి ఉంటే ఎందుకని అడగండి.

అడిగినా జవాబు రాకపోతే? మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా. ఫోన్‌లో వాదించింది ఎక్కడా మిగలదు. వాళ్లు 14 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి బీమా భరోసా, ఫోన్ నంబరు 155255. నెల గడిచినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. తమిళనాడుకు ఆ కార్యాలయం చెన్నైలో ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న మన బంధువులకు హైదరాబాదులో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ప్రీమియం గురించిన తగాదా కూడా ఆయన పరిధిలోదే. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలికి వకీలు లేడు, లంచం ఇచ్చే స్తోమత లేదు. మళ్లీ మళ్లీ వెళ్లడమే ఆమెకున్న బలం.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మందిరం వరండాలో మన యువకులు ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు. ఆర్.సి., పోయిన ఏడాది పాలసీ, ఈ ఏడాది వాళ్లు చెప్పిన లెక్క, ఈ మూడూ తీసుకురండి. కాగితాలు దొరక్కపోతే బండి నంబరు తెచ్చినా చాలు, ఎమ్ పరివాహన్ యాప్‌లో గడువు తేదీ చూసి చెబుతారు. స్కూటరు ఉన్న అక్కలూ రండి, కార్లవాళ్లకే అనుకోకండి.